గొర్రెల సంఖ్య: తప్పనిసరి

మీరు ఏ ఫారం నింపినా కొన్ని గళ్ళ పక్కన చిన్న ఎర్ర చుక్క ఉంటుంది. అది నింపకపోతే ముందుకు పోనివ్వదు. ఈ వ్యాసం చదివే పిల్లల్లో చాలామంది ఇప్పుడు అలాంటి గళ్ళు తయారుచేసే ఉద్యోగాల్లోనే ఉన్నారని నాకు తెలుసు. నేనూ ఆ పనే చేశాను. అనంతపురంలో గొర్రెల పెంపకందార్ల కోసం నడిచే ఒక సంస్థలో టైపిస్టుగా చేరాను. కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని ముట్టుకోవడానికి అందరూ భయపడితే నన్ను ముందుకు తోశారు. అలా చివరికి 'కంప్యూటర్ మేడమ్' అనిపించుకుని రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నా గురించి చాలా గొప్పగా మాట్లాడారు. ఈ ఒక్క సంగతీ ఎవరూ ఎత్తలేదు.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. మా హైదరాబాదు ఆఫీసు మాకో కొత్త పనిముట్టు పంపింది. కోడు రాయకుండానే అప్లికేషన్లు కట్టొచ్చన్నారు. కావలసినదల్లా వెబ్ సర్వీసులు. అదేమిటో చెప్పమని మా మేనేజరు నన్ను కూర్చోబెట్టాడు.

"రైల్వే స్టేషన్లో ఎంక్వైరీ కిటికీ ఉంటుంది కదా సార్. మనం అడిగితే లోపలివాడు చెప్తాడు. వాడు లోపల ఏ పుస్తకం తిరగేస్తాడో మనకనవసరం. ఇది కంప్యూటర్లకు అలాంటి కిటికీ" అన్నాను.

మాకు అలాంటి కిటికీలు మూడు ఉండేవి. హైదరాబాదులో మందల రిజిస్టరు ఒకటి, అనంతపురం కోల్డు స్టోరులో టీకా నిల్వలు చెప్పేది ఒకటి, టీకాలు మోసే వ్యాన్లు ఎక్కడున్నాయో చెప్పేది ఒకటి. కిటికీ చిరునామా ఇస్తే చాలు, మా పనిముట్టు దాన్ని పలకరించి, అది ఏమేం అడుగుతుందో తెలుసుకుని, గళ్ళూ మీటలూ పట్టికలూ తనే గీసేది. ఒక కిటికీ ఇచ్చే జవాబును ఇంకో కిటికీకి ప్రశ్నగా అందించాలంటే మౌసుతో ఒక గీత లాగితే సరి. నెలలు పడుతుందనుకున్న పని వారంలో అయిపోయింది. మందలో ఎన్ని గొర్రెలున్నాయో కొడితే ఎన్ని సీసాల టీకా కావాలో, ఏ వ్యాను ఎప్పుడు వస్తుందో అదే చెప్పేది. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళంతా గర్వమే.

మేనేజరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. మనిషి చెడ్డవాడేం కాదు, కానీ తెర మీద కనిపించిందే లోకం అనుకునే రకం. మొదటి రోజే రెండు ఆర్డర్లు వేశాడు. ఒకటి, ఇకమీదట కాగితం మీద టీకాలు అడగడం బంద్. రెండు, పెద్ద మందలకు ముందు, చిన్న మందలకు తరవాత. పట్టిక పైన 'గొర్రెల సంఖ్య' అన్న శీర్షిక మీద ఒక్కసారి నొక్కితే మందలు పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా నిలబడేవి. ఆయన ఆ నొక్కుడు ఎంతమందికి చూపించి మురిసిపోయాడో లెక్కలేదు.

ఒప్పుకోనివాడు ఒక్కడే, మా పశువుల డాక్టరు. కళ్యాణదుర్గం వైపు ముస్లిం కుటుంబం నుంచి వచ్చిన మనిషి, ఆ పక్క పల్లెలన్నీ కాలినడకన తిరిగినవాడు.

"అక్కా, ఆ గొర్రెల సంఖ్య గడి పక్కన చుక్క తీసేయండి. ఈ జనం లెక్క చెప్పరు" అన్నాడు.

"ఆ చుక్క నేను పెట్టింది కాదు డాక్టరూ. హైదరాబాదు కిటికీ అడుగుతాంది. నేను తీసేస్తే అది తలుపు తియ్యదు."

"అయితే మీ కిటికీకి చెప్పండి, ఈడ గొర్రెల్ని ఎంచరని."

అది నిజమే. మా ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా తెలుసు. గొర్రెలవాళ్ళు మందను ఎంచరు. ఎవరైనా ఎన్నున్నాయని అడిగితే "ఏదో ఉండాయి" అంటారు. ఎంచి నోటితో చెప్తే దిష్టి తగిలి మంద నిలవదని నమ్మకం. మరి ఒకటి తప్పిపోతే ఎలా తెలుస్తుందని అడగకండి. మంద తిరిగొచ్చే వేళకు దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కసారి చూస్తే చాలు, ఏది రాలేదో చెప్పేస్తారు. గొర్రెపిల్లల్ని విడిచిపెడితే ఒక్కొక్కటీ తన తల్లిని వెతుక్కుంటుంది, తల్లి దొరకనిది అరుస్తూ మిగిలిపోతుంది. వాళ్ళ లెక్క అదీ.

మేనేజరు మాత్రం తేల్చేశాడు. "చెప్పకపోతే టీకా లేదనండి. ఎందుకు చెప్పరో చూద్దాం."

చెప్పారు. మా వాళ్ళు పల్లె పల్లెకూ తిరిగితే అందరూ ఏదో ఒక సంఖ్య చెప్పి పంపించారు. గళ్ళన్నీ నిండాయి. చూశారా అన్నట్టు మేనేజరు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు టీ తాగాడు.

ఆ ఏడు వానాకాలం ముఖం చాటేసింది. మేత లేక కర్ణాటక వైపు పోయిన మందలు తిరిగొస్తూ పారుడు రోగాన్ని వెంటబెట్టుకొచ్చాయి. మూతి పుండ్లు, ముక్కులో చీమిడి, ఆగని పారుడు. పట్టుకున్న మందను ఊడ్చేస్తుంది. పట్టుకోక ముందు టీకా వేస్తే తప్ప దారి లేదు. మా పట్టికలో వరుస ప్రకారం వ్యాన్లు బయలుదేరాయి. కుందుర్పి వైపు పల్లెల వంతు చివరికి వచ్చింది. మన అప్లికేషను పల్లెల్లో ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూసి రండని మేనేజరు నన్ను డాక్టరుతో జీపు ఎక్కించాడు. చేతిలో లాప్‌టాప్, దానికి తీగతో తగిలించిన ఫోను. అది శనివారం.

మేం పోయిన మంద ఒక అవ్వది. అరవైకి దగ్గర మనిషి, భుజం మీద కంబళి, చేతిలో కట్టె. మొగుడు పోయాక మంద అమ్మెయ్యమని అన్నదమ్ములు ఎంత పోరినా వినకుండా తనే మేపుకుంటోందని డాక్టరు దారిలో చెప్పాడు. ఆమెకు సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ముళ్ళకంప దొడ్డిలో ఉన్న ఆ మందే.

డాక్టరు ఐసు డబ్బా తెరిచి సీసాలో మందు కలిపాడు. కలిపాక ఆ ఎండలో రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. అవ్వ ఒక్కొక్క గొర్రెనూ మెడ పట్టి అందిస్తుంటే ఆయన సూది పొడిచి వీపు మీద నీలం రంగు పూస్తూ పోయాడు. పని జోరుగా సాగింది. ఉన్నట్టుండి డాక్టరు ఆగాడు. సీసా ఎత్తి వెలుగులో చూశాడు.

"ఏమప్పా డాక్టరప్పా, ఏంటికి ఆపినావు?" అంది అవ్వ.

"మందు అయిపోయిందవ్వా."

"అయిపోయేదేంది? ఇంగా ఇన్నుండాయి గదా!"

దొడ్డిలోకి చూశాను. నీలం రంగు పడినవాటికంటే పడనివే ఎక్కువ. గబగబా లాప్‌టాప్ తెరిచి చూస్తే ఆమె మంద ఎదురుగా 'నూరు' అని ఉంది. నూరింటికి ఒక సీసా. అప్లికేషను తన పని తాను చక్కగా చేసింది.

"నూరు లోపలే అని చెప్పినావంట కదా అవ్వా మా వాళ్ళకు" అన్నాడు డాక్టరు.

"అడిగితే ఏదో ఒగటి సెప్పినా. యాడన్నా గొర్రెల్ని ఎంచుతారా? ఎంచితే మంద నిలబడ్తాదా?"

డాక్టరు నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. గొంతు తగ్గించాడు. "అక్కా, ఆ గుట్ట అవతల మందలో రోగం తగులుకుని నాలుగు దినాలయింది. ఆ మందా ఈ మందా నీళ్ళు తాగేది ఒకే కుంటలో. ఇయ్యాల అయిదు లోపల అడిగితే రేపు పొద్దున వ్యాను వస్తాది. లేకపోతే మంగళారం దాకా వ్యాను లేదు. మంగళారానికి ఇంగ ఏముంటాది?"

ఫోను సిగ్నలు గుట్ట మీదే దొరికేది. ముళ్ళు చీరను పట్టి లాగుతుంటే ఎక్కి మేనేజరుకు ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను.

"సంఖ్య మార్చి పంపండి, దానికేం" అన్నాడు.

"ఆమె చెప్పట్లేదు సార్. డాక్టరు ఉజ్జాయింపుగా వేస్తానంటున్నారు."

"వద్దు వద్దు. ఇంకో సెంటర్లో అలా ఉజ్జాయింపులు వేసే సీసాలు వృథా చేశారు. ఇప్పుడు యజమాని సొంత నోటితో చెప్పిన సంఖ్యే అని డాక్టరు పాస్‌వర్డు కొట్టి ఒప్పుకోవాలి. తరవాత చెక్ చేస్తే దొరికిపోతాడు. అతని ఉద్యోగం పోతుంది, మీరు పూచీనా?"

"పోనీ గొర్రెల సంగతి వదిలేసి ఇంకో రెండు సీసాలు కావాలని అడగలేమా?"

"సీసాల గడి ఎక్కడుంది?"

"లేదు సార్."

"మరి?"

ఫోను విసిరి కొట్టబోయి ఆగాను, అది ఆఫీసుది కాబట్టి. ఎన్ని సీసాలో లెక్క గట్టేది మా పనిముట్టే. మనిషి వచ్చి నాకు ఇన్ని సీసాలు కావాలని అడుగుతాడని మాలో ఎవరికీ తోచలేదు.

కిందికి దిగేసరికి అక్కడ ఇంకో గొడవ. మనమే ఎంచేద్దామని డాక్టరు దొడ్డిలో నిలబడి వేలితో మొదలుపెట్టాడట. అవ్వ కట్టెతో ఆయన చేతి మీద ఒక్కటి వేసింది. "నా దొడ్లో నిలబడి నా మందను ఎంచుతావా? ఇన్నేండ్లుగా వస్తాండావని నమ్మితే!" అని కంటనీళ్ళు పెట్టుకుంది. డాక్టరు మణికట్టు రుద్దుకుంటూ నిలబడ్డాడు. ఆయనకు కోపం రాలేదు, సిగ్గేసినట్టుంది.

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. రోగం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాను. వ్యాను సంగతి చెప్పాను. నువ్వు ఒక్క మాట చెప్తే రేపు పొద్దునకల్లా మందు నీ దొడ్డి ముందుంటుందన్నాను. ఆమె నేల గీకుతూ వింది. నాలుగు దాటింది. లాప్‌టాప్ బ్యాటరీ సగానికి పడిపోయింది. నాకు ఓపిక నశించింది.

"అవ్వా, నీ గొర్రెలు చచ్చిపోవాలని ఉందా నీకు?"

"దొడ్డి ముందర ఆ మాటనద్దు!" అని ఆమె గట్టిగా అరిచింది. గొర్రెలు బెదిరి ఒక మూలకు కుప్పపడ్డాయి.

 ఆమె లేచి దొడ్డిలోకి పోయింది. నీలం రంగు లేనివాటి మధ్యకు పోయి ఒకదాని చెవులు, ఇంకొకదాని మూతి తడిమింది. అయిదుకు ఇంకెంతో లేదు. డాక్టరు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, ఇక వదిలెయ్యమన్నట్టు. అప్పుడు ఆమె బయటికొచ్చింది.

"ఈడ కాదు. దూరం పా" అంది.

గుట్ట ఎక్కాం, ఆమె ముందు, నేను వెనక, డాక్టరు లాప్‌టాప్ మోసుకుంటూ. పైకి చేరాక ఆమె మందకు వీపు పెట్టి నిలబడింది. కంబళి తల నిండా కప్పుకుంది. డాక్టరును కూడా రమ్మని సైగ చేసి, మా ఇద్దరి తలలూ దగ్గరికి లాక్కుని, చెవిలో ఊదినట్టు ఆ సంఖ్య చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఉజ్జాయింపు కాదది, ఒక్క పిల్ల కూడా అటూ ఇటూ లేని లెక్క. ఆ సంఖ్య నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను.

చెప్పిన వెంటనే వంగి మట్టి పిడికిట్లోకి తీసుకుని మంద వైపు మూడుసార్లు తిప్పి ఉమ్మి పారేసింది.   అంకెలు కొట్టాను, డాక్టరు తన పాస్‌వర్డు కొట్టాడు, మీట నొక్కాం. చక్రం తిరిగి తిరిగి, సంబంధం తెగిపోయిందని వచ్చింది. ఫోను పైకెత్తి పట్టుకుని ఇంకో బండ మీదికి ఎక్కాను. మళ్ళీ నొక్కాం. మళ్ళీ చక్రం. ఆ చక్రాన్ని చూస్తూ డాక్టరు పెదవులు కదుపుతున్నాడు, దువానో తిట్టో నాకు తెలీదు. చివరికి పచ్చ గీత వచ్చింది. ఆదివారం ఉదయం వ్యాను, ఇంకో రెండు సీసాలు.

"పోయిందా?" అంది అవ్వ.

"పోయిందవ్వా. రేపు వస్తాది."

"సరే అయితే" అంది. కంబళి సర్దుకుని మాకంటే ముందే దిగిపోయింది.

అన్నట్టుగానే పొద్దున్నే సీసాలు వచ్చాయి. డాక్టరు మిగిలినవాటికీ వేసి, అన్నిటి వీపుల మీదా నీలం రంగు పడిందని ఫోన్ చేశాడు. ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకుని తిన్నాను. సోమవారం మేనేజరు ఆ కథను హైదరాబాదుకు నివేదికగా పంపాడు, గుట్ట మీద నుంచి వెబ్ సర్వీసు అంటూ. వాళ్ళు మెచ్చుకుంటూ జవాబిచ్చారు.

పది పన్నెండు రోజులు గడిచాయేమో, డాక్టరు ఫోన్ చేశాడు. ఆయన గొంతు వినగానే కుర్చీలోంచి లేచాను.

"మందలోకి వచ్చేసిందక్కా. మేం సూది వేసే నాటికే ఒంట్లో చేరుకుని ఉండాది. టీకా పట్టుకోను దినాలు కావాల. వారం ముందు వేసింటే నిలబడుండేటివి."

వారం ముందు. ఫోను పెట్టేసి పట్టిక తెరిచాను. మేనేజరు మురిసిపోయిన ఆ వరుసలో ఆమె మంద చివరి పేజీలో ఉంది, నూరు అనే సంఖ్యతో. దాని అసలు సంఖ్య గడిలో కొట్టి మళ్ళీ వరుస పెట్టి చూశాను. మొదటి పేజీలోకి వచ్చి కూర్చుంది. మొదటి వ్యాన్లు పోయిన పేజీ అది. చిన్న సంఖ్య చెప్పి మందను కాపాడుకున్నాననుకుంది ఆమె. ఆ చిన్న సంఖ్యను పట్టుకుని మేం ఆమెను చివర నిలబెట్టాం.

ఆ పట్టికను అలాగే మేనేజరు ముందు పెట్టాను. "వాళ్ళు అబద్ధం చెప్తే మనమేం చేస్తామమ్మా?" అన్నాడు. ఆఫీసంతా వినేలా అరిచాను. చెప్పకపోతే టీకా లేదని బెదిరించింది ఎవరు సార్, అడక్కూడనిది అడిగి, వచ్చిన జవాబు నిజమని నమ్మింది ఎవరు, అని. ఆ వారమే హైదరాబాదువాళ్ళతో పోట్లాడి వాళ్ళ కిటికీ మార్పించాను. గొర్రెల సంఖ్య గడి పీకేసి, ఎన్ని సీసాలు కావాలి అని పెట్టాను. సీసాలైతే అందరూ ఇట్టే చెప్పారు, రెండు, నాలుగు, మా అన్న మందకు ఇంకొకటి అని. సీసాకు దిష్టి ఉండదు కదా. మౌసుతో లాగిన ఒక గీత, అంతే పని. ఎంత తేలికో తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. మేనేజరు తను బదిలీ అయ్యేదాకా నాతో ముఖం చూసి మాట్లాడలేదు. పోనీలే అనుకున్నాను.

నష్టపోయినవాళ్ళ వివరాలు రాసుకురమ్మని నన్నే పంపారు. దానికీ ఒక తెర కట్టాం. చనిపోయినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని, రెండే గళ్ళు.

అవ్వ దొడ్డి బయట కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. నేను పోయి పక్కన కూర్చున్నాను. రోగం ముందే వచ్చేసిందని, ఆమె నోటి మాటకూ దానికీ సంబంధం లేదని చెప్పాలని దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. నోరు తెరవబోతే ఆమే అందుకుంది.

"డాక్టరప్ప సెప్పినాడులే, ముందే వచ్చుండాదని. నువ్వడిగినావు, నేను సెప్పినా. ఇప్పుడెవర్నని ఏం లాభం?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి నాకేం హక్కుందని ఆపుకున్నాను. లాప్‌టాప్ తెరవాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఆమే దాని వైపు గడ్డం ఎగరేసింది.

"తెరువు. అరవై మూడు. రాసుకో."

ఇంత సూటిగా చెప్తుందనుకోలేదు. అంకెలు కొట్టాను. రెండో గడి వచ్చింది. అడగకుండానే ఆమెకు అర్థమైనట్టుంది. కట్టె ఊతంగా లేచి, దొడ్డి వాకిలికి అడ్డంగా నిలబడింది. ఆమె వెనక మూడో నాలుగో తలలు ముళ్ళకంప మీదుగా నన్ను చూస్తున్నాయి.

"సచ్చినేటివి మీవి, రాసుకున్నావు గదా. బతికినేటివి నావి. ఇంగ పో తల్లీ" అంది.

లాప్‌టాప్ మూసేసి జీపు దగ్గరికి నడిచాను.